సర్కారు పెట్టె

ఆ వానాకాలం చివర్లో మా ఇంట్లో ఇద్దరికి కాలు ఒకచోట నిలవలేదు. మా ఆయనకు పని లేక, నాకు పని ఉండి. రెండు గదుల కిరాయి ఇంట్లో అలాంటి మనుషులు ఇద్దరుంటే ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? నేను మంచినీళ్ళకు లేస్తే ఆయన భుజం తగిలేది. ఆయన చొక్కా కోసం వస్తే నా కుర్చీ అడ్డమయ్యేది. మధ్యలో మా అత్త లింగమ్మ చిక్కుడుకాయలు తుంచుకుంటూ, "ఇద్దర్ల ఒకలన్న బయటికి పోండ్రి. ఇల్లు జర గాలి పీల్చుకుంటది" అనేది.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరిగిన ఏడాది అది. మా ఆయన శ్రవణ్‌కుమార్ హయత్‌నగర్ డిపోలో కాంట్రాక్టు కండక్టరు. బస్సులన్నీ డిపోలోనే నిలబడిపోయాయి. ఎల్బీ నగర్ చౌరస్తాలో జనం రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటలు వండి, అక్కడే కూర్చుని తింటున్నారు. బళ్ళు లేవు, ఆఫీసులు లేవు. నేను మాత్రం ఇంట్లో ఓ మూల కంప్యూటరు ముందు కూర్చుని, చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని టైపు కొడుతున్నాను. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అంటారే, ఆ ఉలిపికట్టెను నేనే.

నా పని పేరు మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్. పెళ్ళికి ముందు దిల్‌సుఖ్‌నగర్‌లో నేర్చుకున్నాను. అమెరికాలో డాక్టర్లు రోగిని చూశాక, ఏం చూశారో నోటితో చెప్పి రికార్డు చేస్తారు. అది విని మనం తప్పు లేకుండా టైపు చేసి పంపాలి. ఒక్క మాట సరిగా వినకపోతే ఎవరిదో ఎడమ మోకాలు కుడి మోకాలైపోతుంది. పెళ్ళి కాగానే ఆ చదువు అటకెక్కింది. కొత్తపేటలో ఒక కంపెనీ వాళ్ళు ఇంటి నుంచి చేసే ఆడవాళ్ళను తీసుకుంటున్నారని తెలిసేసరికి నా ప్రాణం లేచి వచ్చింది. షరతు ఒక్కటే. ఇంట్లో సొంత కంప్యూటరు, సొంత నెట్ ఉండాలి. కంప్యూటరంటే మా తమ్ముడి పాతది ఒకటి దొరికింది. నెట్ పెట్టించుకునే స్తోమతే మాకు లేదు.

సరిగ్గా అప్పుడే, శ్రావణమాసంలో, మా బస్తీ కమ్యూనిటీ హాల్లో శిబిరం పెట్టారు. తెల్ల రేషను కార్డు ఉన్న ఇంటికి నెట్ కనెక్షను. పెట్టె ఉచితం, నెలనెలా కట్టేదాంట్లో సగం సర్కారు భరిస్తుందట. కొన్ని బస్తీలలో ముందు పెట్టి చూస్తున్నామని మైకులో చెప్పారు. కార్డు మా మామ మార్కండేయులు పేరు మీద ఉంది. ఆయన పోచంపల్లిలో మగ్గం నేసి నేసి, మగ్గం అన్నం పెట్టడం మానేశాక దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణంలో సేల్స్‌మన్‌గా చేరారు. మాట తక్కువ మనిషి. ఆయన దగ్గరికి భయపడుతూనే వెళ్ళాను.

"నెట్ ఎందుకు బిడ్డా?" అన్నారు.

"పనికి మామయ్యా. ఇంట్ల నెట్ ఉంటే ఇంటికే పని ఇస్తరట."

ఏం పనో చెప్పాను. అంతా విని, "నడు" అని చెప్పులు వేసుకున్నారు. పెళ్ళయిన నాలుగేళ్ళలో ఆ ఇంట్లో నాకోసమని నేను అడిగిన మొదటి కోరిక అది. అంత తేలికగా తీరుతుందని నేనే అనుకోలేదు.

తీగ లాగే రోజు మా ఓనరు కోటేశ్వరమ్మ ఆంటీ మేడ మీద నుంచి తొంగిచూశారు. వాళ్ళది గుంటూరు వైపు. ఎల్బీ నగర్‌లో ఇల్లు కట్టుకుని పైన ఆమె, ఆమె భర్త భానుమూర్తి గారు ఉంటారు. కింద మేం.

"సగానికే ఇస్తున్నారా అరుణా? మా ఆయన జన్మంతా పంతులుద్యోగం చేసి, నెట్‌లో ఆ పేపరు చదవటానికి నిండు డబ్బులు కడుతున్నారు. మమ్మల్నీ పేదోళ్ళ కింద రాసుకోమని చెప్పమ్మా!" అని నవ్వారు. ఆ సాయంత్రమే వాడని టేబుల్ ఒకటి కిందికి దింపించారు. నా కంప్యూటరు కూర్చున్నది ఆ టేబుల్ మీదే.

బస్తీలో పది పదిహేను ఇళ్ళకు ఆ కనెక్షన్లు వచ్చాయి. అరచేతి వెడల్పు నల్ల పెట్టె, దానికి ఆకుపచ్చ దీపాలు. అందరూ దాన్ని సర్కారు పెట్టె అనే పిలిచారు. కొందరిళ్ళలో పిల్లలు ఆటలాడుకున్నారు, కొందరు సినిమాలు చూశారు. నేను కంపెనీకి ఫోను చేశాను. దసరా దాకా ట్రయల్ అన్నారు. ఇచ్చిన ఫైలు ఇచ్చిన వేళకు పోవాలి, ఒక్కటి వేళ తప్పినా ఇక మాకు ఫోను చేయొద్దని కంపెనీ మేడం మెత్తని గొంతుతోనే చెప్పింది.

మొదటి రోజుల్లో మా మామ దుకాణం నుంచి వచ్చి, చాయ్ తాగుతూ నా వెనక కూర్చునేవారు. టేబుల్ కింద కాలితో తొక్కే పెడల్ ఒకటి ఉంటుంది. తొక్కితే డాక్టరు మాట్లాడతాడు, వదిలితే ఆగుతాడు, మడమతో నొక్కితే వెనక్కి వెళ్ళి మళ్ళీ చెబుతాడు. కాలు అక్కడ, వేళ్ళు పైన. ఆయన ఆ కాలినే చూసేవారు.

"గుంట మగ్గం తీరే ఉన్నది" అన్నారు ఒకరోజు. "కింద కాలు తొక్కాలె, మీద చెయ్యి ఆడాలె. దీంట్ల ఏది పోతె పని బందయితది బిడ్డా?"

నేను నల్ల పెట్టెను చూపించాను. "గిది పోతే అన్నీ ఉన్నా లేనట్టే మామయ్యా."

ఆయన తల ఊపి గ్లాసు కింద పెట్టారు.

సమ్మె మొదలైన వారం మా ఆయనకు రోజూ పండుగే. పొద్దున్నే గులాబీ కండువా వేసుకుని వెళ్ళేవాడు, గొంతు బొంగురుపోయి వచ్చేవాడు. నాకూ సంతోషంగానే ఉండేది. తెలంగాణ రావాలని నాకు లేదా? బతుకమ్మను ఆ ఏడు రోడ్డు మీద పెట్టి ఆడితే నేనూ పోయి ఆడి వచ్చాను. కానీ రోజులు గడిచేకొద్దీ ఆయనకు దిగులు పట్టుకుంది. జీతం ఆగింది. పర్మనెంటు వాళ్ళకైతే సమ్మె తర్వాత సీటు ఉంటుంది, కాంట్రాక్టు వాళ్ళను తీసేస్తారని పుకారు. కాలుగాలిన పిల్లిలా వాకిలికీ వంటింటికీ తిరిగేవాడు. ఖాళీ చేతులతో ఉన్న మగవాడికి పెళ్ళాం కీబోర్డు చప్పుడు ఎలా వినిపిస్తుందో నాకు తెలుసు. తెలిసినా ఆపలేదు. ఆపితే నా బతుకు మళ్ళీ అటకెక్కుతుంది.

ఆ చిరాకు చివరికి కోటేశ్వరమ్మ ఆంటీ మీద పడింది. ఒకరోజు ఆమె గేటు దగ్గర పాలవాడితో మాట్లాడుతూ, "ఇంకా ఎన్నాళ్ళయ్యా ఈ బందులు? మందులు తెచ్చుకుందామంటే ఆటో కూడా లేదాయె" అన్నారు. మామూలు మాటే. ఎవరైనా అనేదే.

మా ఆయన వాకిట్లో ఉన్నాడు. "కష్టమయితే మీ ఊరికి పోండ్రి ఆంటీ. ఎవరు ఆపిన్రు?" అన్నాడు.

ఆమె ముఖం చిన్నబోయింది. "ఈ ఇంటికి పునాది తవ్వేటప్పుడు నువ్వు నిక్కర్లేసుకుని ఉంటావు. నా ఊరేదో నువ్వు చెబుతావా?" అని మెట్లెక్కి వెళ్ళిపోయారు. ఆ తర్వాత మళ్ళీ కిందికి తొంగిచూడలేదు. ఏ కూర చేసినా గిన్నెడు కిందికి పంపే మనిషి, గిన్నెలు కూడా మానేశారు. నేను ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు మాట్లాడక తప్పలేదు, ఇల్లంటే అంతే కదా.

దసరాకు ముందు రోజు బస్తీలో మీటింగు జరిగింది. ఆయన డిపో దోస్తు, డ్రైవరు సైదులు దానికి పెద్ద. ఇంటికి వచ్చాక మా ఆయన నా వైపు చూడకుండా అత్తకు చెబుతున్నట్టు చెప్పాడు. దసరా సాయంత్రం రింగు రోడ్డు పక్కన మైదానంలో రావణుణ్ణి కాలుస్తారట. బస్తీలో ఉన్న సర్కారు పెట్టెలన్నీ దండగా గుచ్చి ఆ రావణుడి మెడలో వేస్తారట.

"సర్కారు మీద కొట్లాడుకుంట సర్కారు ఇచ్చిన దానం వాడుకుంటున్నమని నవ్వుతున్నరు" అన్నాడు. "పదిమంది ముంగట మాటిచ్చిన. మన పెట్టె గూడ ఇస్తున్న."

నేను హెడ్‌ఫోను తీసి టేబుల్ మీద పెట్టాను. "నన్ను అడిగినవా?"

"గందరూ ఇస్తున్నరు అరుణా. మన ఒక్కరం ఇయ్యకపోతే ఎట్లుంటది?"

"వాళ్ళకు అది సినిమాలు చూసే పెట్టె. నాకు అట్లనా? రేపు నా ట్రయల్‌ల ఆఖరి రోజు. దీపాలు పెట్టే యాళ్ళకు ఫైళ్ళు పోకపోతే అంతా పోయినట్టే."

"సకల జనుల సమ్మె అంటే నువ్వు లేవా అండ్ల? అందరి పని బందున్నప్పుడు నీ ఒక్కదాని పని నడవాల్నా?"

"నడవాలె. ఈ ఇంట్ల ఏదో ఒకటి నడవాలె" అన్నాను. నోరు జారానని అప్పుడే తెలిసింది. ఆయన ముఖం చూడలేకపోయాను. మా అత్త వంటింట్లో గిన్నెలు కావాలనే గట్టిగా కడిగింది. మామ గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని ఉన్నారు, నిద్రపోతున్నారనే అనుకున్నాను.

దసరా నాడు మా ఇంట్లో పనిముట్లకు పూజ చేస్తారు. నేతపని చేసే ఇళ్ళలో అది పెద్ద పండుగ. మగ్గం అమ్మేసినా మామ తన నాడెను అమ్మలేదు. అదే, అటూ ఇటూ విసిరితే పడుగులో, అంటే నిలువు పోగుల్లో, అడ్డదారం వేసేది. పీట మీద ఎర్రగుడ్డ పరిచి నాడె, మా అత్త కత్తిపీట, మా ఆయన విజిలు, తోలుసంచి, మామ దుకాణంలో వాడే కత్తెర పెట్టడం మామూలు. ఒకసారి పూజలో పెట్టినదాన్ని మర్నాడు పొద్దున దాకా ఎవరూ ముట్టరు. ఆ రోజు పనిముట్టుకు విశ్రాంతి. దాన్ని కదిలిస్తే ఏడాదంతా పని కలిసిరాదని నమ్మకం.

నేను తలస్నానం చేసి వచ్చేసరికి టేబుల్ బోసిగా ఉంది. వెనక్కి తిరిగితే పీట మీద నాడె పక్కన, అన్నిటికంటే ముందు, నల్ల పెట్టె. దాని పక్కన నా పెడల్, హెడ్‌ఫోను. పెట్టెకు మూడు పసుపు గీతలు, మధ్యలో కుంకుమ. మా అత్త మామిడి మండ పట్టుకుని పసుపునీళ్ళు చల్లి, అగరువత్తి తిప్పుతోంది. మామ పీట పక్కనే బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు.

అంతలోనే సైదులు వచ్చాడు. చేతిలో గోనెసంచి, అందులో అప్పటికే నాలుగైదు పెట్టెలు గలగలమంటున్నాయి. "శ్రవణన్నా, పెట్టె ఇయ్యి" అన్నాడు గుమ్మంలోనే.

మా ఆయన టేబుల్ దగ్గరికి వెళ్ళి వెతికాడు. తర్వాత పూజ వైపు తిరిగాడు. "నాయినా?" అన్నాడు.

"పూజల ఉన్నది" అన్నారు మామ.

సైదులు లోపలికి వంగి చూశాడు. "పెదనాయినా, గది గూడ పనిముట్టేనా?"

"నువ్వు నీ స్టీరింగుకు దండ ఎయ్యవా బిడ్డా? మా కోడలు పనిముట్టు గది."

సైదులు తల గోక్కున్నాడు. పూజలోంచి పెట్టె తీయమని అడిగేంత ధైర్యం ఏ డ్రైవరుకూ ఉండదు. చెప్పులు విడిచి లోపలికొచ్చి, పీటకు దండం పెట్టి, కొబ్బరిముక్క తీసుకుని, "సరే అన్నా, రేపు ఎత్తినంక చూద్దాం" అని సంచి ఊపుకుంటూ వెళ్ళిపోయాడు.

"పదిమందిల నా ఇజ్జత్ తీసినవు నాయినా" అన్నాడు మా ఆయన.

"నీ మాట నీది. పెట్టె నా కార్డు మీదిది" అని మామ కళ్ళు మూసుకున్నారు.

నాకు లోపల్లోపల ఎంత సంతోషమైందో! వంటింట్లోకి పోయి అత్తను గట్టిగా పట్టుకున్నాను. "ఇడువు, పప్పు మాడుతది" అని ఆమె గదమాయించింది.

ఫైళ్ళు ముందు రోజే దింపి పెట్టుకున్నాను కాబట్టి టైపు చేయడానికి నెట్ అవసరం లేదు. పెడల్ లేకుండా, స్పీకరు తగ్గించి, మౌసుతో ఆపుకుంటూ వెనక్కి తిప్పుకుంటూ తిప్పలు పడ్డాను. బయట డప్పులు మోగినప్పుడల్లా చెవి స్పీకరుకు ఆనించాల్సి వచ్చింది. మధ్యాహ్నం దాటాక పని అయిపోయింది. ఇక పంపడమే మిగిలింది. అప్పుడు తెలిసింది, మామ నన్ను కాపాడుతూనే నా కాళ్ళు కట్టేశారని. మర్నాడు పొద్దున దాకా దాన్ని ముట్టరాదు. కంపెనీకి దసరా లేదు, గడువు ఆ సాయంత్రమే.

ఏడుపు ఆపుకుంటూ మామ పక్కన కూర్చున్నాను. "మామయ్యా, అది ఇయ్యాలనే పోవాలె."

"రేపు పోదా?"

"రేపు పోతే పోయినట్టు కాదు."

ఆయన నాడె వైపు చూశారు. "పడుగుకు గంజి పెట్టి వీధిల సాపినమనుకో" అన్నారు నెమ్మదిగా, "అప్పుడు పండుగొచ్చినా చావొచ్చినా ఇడిసిపెట్టం. ఇడిస్తే పోగులు అంటుకపోయి పడుగంత పాడయితది. నీది గంజి మీద ఉన్నదా బిడ్డా?"

"ఉన్నది మామయ్యా."

ఆయన రెండు చేతులూ జోడించి, పెట్టెను ఎత్తి, తువ్వాలు కొసతో తుడిచి నా చేతిలో పెట్టారు. నేను తీగలు తగిలించి స్విచ్చి వేశాను. దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. చిటుక్కుమంది. ఆరిపోయాయి. కాలిన వాసన వచ్చింది.

పెట్టెను తలకిందులు చేశాను. పక్కన ఉండే సన్నని కంతల్లోంచి పచ్చటి చుక్కలు నా చీర మీద రాలాయి. పసుపునీళ్ళు. ఆ పీట మీద ఇన్నేళ్ళుగా ఇనుము, కట్టె, తోలు పెట్టారు. చల్లిన నీళ్ళకు ఏ కత్తిపీటా చావలేదు.

"అయ్యో, నేనే సంపిన్నా?" అని మా అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పూజలో పెట్టింది ఆయన, నీళ్ళు చల్లింది ఆమె. ఎవరిని ఏమనను? ఊళ్ళో నెట్ సెంటర్లన్నీ మూసి ఉన్నాయి. తెరిచి ఉన్నా లాభం లేదు, ఫైళ్ళు పంపే సాఫ్ట్‌వేరును కంపెనీ వాళ్ళు నా కంప్యూటరుకే ముడిపెట్టారు.

నా కోపమంతా గుమ్మంలో నిలబడ్డ మా ఆయన మీద పడింది. పెట్టెను ఆయన చేతిలో కుక్కాను. "తీస్కపో. రావణుని మెడల ఎయ్యి. నీ మాట నిలవడ్డది, సంబరమే కద!"

ఆయన ఆ పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు. దాని మీద కుంకుమ ఇంకా అలాగే ఉంది. తీసుకెళ్ళి పీట మీద, దాని చోట్లో పెట్టేశాడు. తర్వాత నా టేబుల్ దగ్గరికి వచ్చి, కిందికి వంగి, కంప్యూటరు తీగలు ఒక్కొక్కటే ఊడదీయడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నవు?"

"తెర నువ్వు పట్టుకో" అన్నాడు. డబ్బాను భుజం మీదికి ఎత్తుకుని బయటికి నడిచాడు. సైదులు వైపుకేమోనని భయపడ్డాను. ఆయన మేడ మెట్లెక్కాడు.

కోటేశ్వరమ్మ ఆంటీ తలుపు తీసి మమ్మల్నిద్దరినీ ఎగాదిగా చూశారు. "ఇంకా మా ఊరికి వెళ్ళలేదయ్యా. ఇక్కడే ఉన్నాను" అన్నారు.

"ఆంటీ, ఆ దినం తప్పు మాట్లాడిన" అన్నాడు మా ఆయన. భుజం మీద బరువుతో తల వంచలేక గోడ వైపు చూస్తూ అన్నాడు. "అరుణ పని ఆగిపోయింది. మా పెట్టె కాలిపోయింది. జర మీ నెట్..."

"చెప్పులైనా వేసుకోకుండా అంత బరువు ఎత్తుకొచ్చావు. ముందు దించు. తిట్టాల్సింది తీరిగ్గా తిడతాను" అని ఆమె పక్కకు జరిగారు.

భానుమూర్తి గారు చదువుతున్న పేపరు మధ్యలోనే ఆపి, తమ తీగ పీకి నాకిచ్చారు. "ఏ దీపం వెలగాలమ్మా?" అని నాకంటే ఎక్కువ కంగారుపడ్డారు. దీపం వెలిగింది. ఫైళ్ళు ఒక్కొక్కటిగా వెళ్ళాయి. ఆఖరిది వెళ్ళేసరికి కింద వీధిలో ఎవరో అప్పుడే దీపం పెడుతున్నారు. నేను అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాను. ఆంటీ నా చేతిలో బూరె పెట్టి, "తిని ఏడువు" అన్నారు.

ఆ సాయంత్రం మా ఆయన మైదానానికి వెళ్ళలేదు. జమ్మి ఆకు తెచ్చి మొదట మేడ మీదికే ఎక్కి, ఆంటీ చేతిలో పెట్టి కాళ్ళకు మొక్కాడు.

కాలిన పెట్టెకు బదులు కొత్తది అడుగుదామంటే ఆ ఆఫీసూ సమ్మెలోనే ఉంది. అందుకని సమ్మె ముగిసేదాకా ఆంటీ వాళ్ళ ముందుగదిలోనే కూర్చుని పనిచేశాను. దసరా తర్వాత వారం తిరక్కుండానే కంపెనీ మేడం ఫోను చేసి, ట్రయల్ అయిపోయింది, మీరిక రెగ్యులర్ అని చెప్పింది. మా ఇంటికంతటికీ మొదటి రెగ్యులర్ ఉద్యోగం అది. కాంట్రాక్టు కండక్టరు ముందు ఆ మాట ఎలా చెప్పాలో తెలియక, అన్నం వడ్డిస్తూ చెప్పాను. ఆయన "మంచిగైంది" అని ఒక ముద్ద తిని, చేయి కడుక్కుని బయటికి వెళ్ళిపోయాడు. సంతోషించాడో బాధపడ్డాడో తెలియలేదు.

ఒక మధ్యాహ్నం పైన కూర్చుని ఫైలు వింటున్నాను. ఆ డాక్టరు నోట్లో ఏదో నములుతూ మాట్లాడేవాడు, సగం మాటలు మింగేసేవాడు. అంతలో వీధి చివర డప్పులు మొదలయ్యాయి. ఊరేగింపు మా వైపే వస్తోంది. ఆ రోజుల్లో ఊరేగింపులు గుంటూరు వాళ్ళ ఇళ్ళ ముందు కాసేపు ఆగి, డప్పు కాస్త గట్టిగా కొట్టి పోయేవి. కోటేశ్వరమ్మ ఆంటీ లేచి కిటికీలు మూశారు. మూసినా అద్దాలు అదురుతున్నాయి. నాకు డాక్టరు మాట ఒక్కటీ వినబడలేదు.

లేచి కిటికీ సందులోంచి చూశాను. ముందు వరుసలో మా ఆయన, పక్కన సైదులు, ముసలి అంతయ్య డప్పుతో. ఇంటి ముందుకు రాగానే సైదులు చేయెత్తాడు. "ఆగుండ్రి! గీడ జర జోరుగ కొట్టు తాతా!"

మా ఆయన వెనక్కి తిరిగాడు. అంతయ్య చేతిలోని పుల్ల మీద తన చేయి వేశాడు.

"తాతా, జర ఆపు. మీద మా అరుణ డ్యూటీల ఉన్నది."

డప్పు ఆగింది. "డ్యూటీ ఏందన్నా?" అన్నాడు సైదులు. "సమ్మెల డ్యూటీనా?"

"నాది సమ్మె. ఆమెది డ్యూటీ" అన్నాడు మా ఆయన. అందరికీ వినబడేలా, ఏ సంకోచమూ లేకుండా అన్నాడు. "మూల తిరిగినంక కొట్టుండ్రి."

అంతమంది జనం చెప్పుల చప్పుడుతో మాత్రమే మా ఇల్లు దాటారు. నేను వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చున్నాను. నా కళ్ళు నిండిపోయి తెర మీద అక్షరం ఆనలేదు. కొంగుతో తుడుచుకుని, పెడల్ తొక్కాను. డాక్టరు మాట స్పష్టంగా వినిపించింది.